ఇంకా తెరిచే ఉంది

ఆ ఉత్తరం మా ఆఫీసులో మొదట చదివింది నేనే. బళ్ళు తెరిచిన రెండో వారం, సోమవారం పొద్దున్న.

విజయనగరంలో ఒక స్టీలు సామాన్ల కొట్టు పైన రెండు గదుల్లో మా కంపెనీ ఉండేది. పిల్లల హాజరు, మార్కులు, బడి బస్సు ఎక్కడుందో తల్లిదండ్రులకు ఫోన్లో చూపించే యాప్ తయారుచేసి అమ్మేవాళ్ళం. అటు శ్రీకాకుళం, ఇటు విజయనగరం జిల్లాల్లో చాలా ప్రైవేటు బళ్ళు దాన్ని వాడేవి. యాప్‌తో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ఫోనెత్తేది, మెయిల్లో వచ్చిన ఉత్తరం చదివేది, జవాబు రాసేది నేను. రోజూ నెల్లిమర్ల నుంచి తొమ్మిది గంటలకల్లా బస్సులో వచ్చి కూర్చునేదాన్ని. పాస్‌వర్డ్ మర్చిపోయామనేవాళ్ళు, బస్సు బొమ్మ కదలడం లేదనేవాళ్ళు, మా వాడికి తెలుగులో తక్కువ మార్కులు పడ్డాయి మార్చండనేవాళ్ళు. అలాంటివి వినీ వినీ, వచ్చే ప్రతి ఫిర్యాదూ అలాంటిదేనని నా చెవికి అలవాటైపోయింది.

ఆ ఉత్తరం రాసింది ఎచ్చెర్ల దగ్గర ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచరమ్మ. మా యాప్ తల్లిదండ్రులకు పంపే లింకు చివర పిల్ల నంబరు ఉంటుందనీ, ఆ నంబరు మార్చి కొడితే పాస్‌వర్డ్ అడక్కుండానే ఇంకొకరి పిల్ల వివరాలు వచ్చేస్తున్నాయనీ రాసింది. ఫొటో, తరగతి, ఏ స్టాపులో దిగుతుంది, ఇంట్లో వాళ్ళ ఫోన్ నంబరు, అన్నీ. "నేను ఎవరికీ చెప్పలేదు. మీరు దీన్ని మూసేవరకు చెప్పను. ఎన్ని రోజుల్లో మూస్తారో దయచేసి తెలియజేయండి" అని ముగించింది.

మా అక్క కూతురు చదివే బడిలోనూ మా యాపే. అక్క నాకెప్పుడో పంపిన లింకు తెరిచి, చివరి అంకె మార్చాను. నాకు ముక్కూ మొహం తెలియని ఒక పాప తెర మీదికి వచ్చింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. రాజాం రోడ్డులో ఒక స్టాపు పేరు. వాళ్ళ నాన్న ఫోన్ నంబరు. ఇంకో అంకె మార్చాను. ముందు పళ్ళు ఊడిన ఒక బాబు. మళ్ళీ మార్చాను. ఐదో బొమ్మ దగ్గర ఆపేశాను. ఎవరింట్లోకో అడగకుండా వెళ్ళి, నిద్రపోతున్న పిల్లల్ని చూసినట్టు అనిపించింది. ఇది నేను చూడగలిగితే ఎవరైనా చూడగలరు.

మా యజమాని ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. అందరం మాస్టారూ అనే పిలిచేవాళ్ళం. ఊళ్ళో ఆడపిల్లలకు ఊళ్ళోనే ఉద్యోగాలు ఉండాలని కంపెనీ పెట్టాడు. చెడ్డవాడు కాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన్ని చెడ్డవాడు అనలేను. నేను ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి చూపిస్తే కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఆవిడెందుకు నంబర్లు మార్సి సూసిందమ్మా? ఆవిడ పనేటి?"

"ఎందుకు చూసినా ఉన్నది ఉన్నట్టే చెప్పింది కదండీ."

యాప్‌కు కోడు రాసే ఆయన్ని పిలిచాడు. ఆయన యాభై దాటినవాడు, విశాఖపట్నంలో పెద్ద కంపెనీలో చేసి వచ్చినవాడు. నన్ను చెల్లీ అనేవాడు. తెర చూడగానే ఏమైందో ఆయనకు అర్థమైంది. "తప్పు నాదే మాస్టారూ. లోపలికొచ్చినోడు ఎవడో అడిగే ముక్క ఆ పేజీలో రాయలేదు. రెండ్రోజులివ్వండి, సరిసేసేస్తాను" అన్నాడు.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. బళ్ళల్లో చేరికల కాలం. కొత్తగా చేరే బళ్ళకు పరీక్షల పేజీ ఆ నెలాఖరుకు ఇస్తామని మాటిచ్చాడు. "అది అయిపోయాక సూద్దాం. ఇప్పుడు ఇది కదిపితే యాపంతా ఆగిపోతాది. ఓ బడికి తెలిస్తే పది బళ్ళకి తెలుస్తాది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఆవిడికి గట్టిగా ఓ ఉత్తరం రాయమ్మా. మా సాఫ్ట్‌వేర్‌లోకి అనుమతి లేకుండా సొరబడ్డం నేరం అని రాయి. మళ్ళీ సెయ్యదు."

రాశాను. ఎవరో చేయి పట్టుకుని రాయించారని చెప్పుకోవడానికి లేదు. మంచి భాషలో, ఎక్కడా తడబాటు లేకుండా రాశాను. మా సాఫ్ట్‌వేర్ పూర్తిగా భద్రంగా ఉందన్నాను. మీరు చేసిన పని చట్టరీత్యా నేరం కావచ్చన్నాను. ఇలాంటి అపోహలు ప్రచారం చేస్తే చర్య తీసుకోవలసి వస్తుందన్నాను. కింద నా పేరు పెట్టి పంపాను. ఐదుగురు పిల్లల మొహాలు నా కళ్ళతో నేను చూసిన గంట తర్వాత.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కానీ గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మేడం, మీ ఉత్తరం అందింది. నన్ను ఏటన్నా పర్వాలేదు. నాకు మీ నుంచి ఏటీ అక్కర్లేదు. అది మూసీమంటన్నాను అంతే. ఎన్ని రోజులు పడతాదో సెప్పండి."

"పరిశీలిస్తున్నామండి."

"పరిశీలించడానికి ఏటున్నాదండి? మీరు ఒక్కసారి కొట్టి సూడండి."

నేను కొట్టి చూశానని చెప్పలేదు. "రెండు వారాల్లో తెలియజేస్తాం" అన్నాను. ఆ రెండు వారాలన్న మాట నాకెవరూ ఇవ్వలేదు. ఫోను పెట్టేయాలని నోటికొచ్చింది చెప్పాను.

రెండు వారాలు గడిచాయి. మేం ఏమీ చేయలేదు. మూడో సోమవారం పొద్దున్న ఆమె నుంచి ఒక్క ముక్క వచ్చింది. "ఇంకా తెరిచే ఉంది."

తర్వాతి సోమవారం మళ్ళీ అదే. ఆ తర్వాతి సోమవారం కూడా. నమస్కారం లేదు, సంతకం లేదు. మూడో ముక్క చూసి మాస్టారు విసుక్కుని వాళ్ళ బడి ప్రిన్సిపాలుకు ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో నాకు తలుపు అవతల నుంచి సగమే వినిపించింది. ఆ వారంలోనే ఆమెను కంప్యూటర్ క్లాసుల నుంచి తప్పించి చిన్న పిల్లల తరగతికి వేశారని ఆ బడి గుమస్తా వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెప్పాడు. ఇక ఊరుకుంటుందని నేను అనుకున్నాను. ఊరుకోవాలనే కోరుకున్నానేమో కూడా.

సోమవారం మళ్ళీ వచ్చింది. "ఇంకా తెరిచే ఉంది."

నేను వాటిని చదవడం మానేసి ఒక పక్కకు తోసేయడం మొదలుపెట్టాను. కానీ ఆదివారం మధ్యాహ్నం నుంచే మర్నాడు వచ్చే ముక్క గురించి ఆలోచిస్తూ ఉండేదాన్ని. కోడు రాసే ఆయన నా బల్ల పక్క నుంచి వెళ్తూ, "ఏమన్నా వచ్చిందా సెల్లీ?" అని అడిగేవాడు. "వచ్చింది" అనేదాన్ని. ఆయన తల దించుకుని వెళ్ళిపోయేవాడు. పరీక్షల పేజీ అయిపోయింది. దాని వెనకాల ఇంకో పని వచ్చింది. దాని వెనకాల మరొకటి.

శ్రావణమాసం వచ్చింది. ఒక గురువారం, మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. అవతల ఒక మగమనిషి. మెత్తగా, మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"మేడం, మా పాప బస్సు బొమ్మ కదల్డం లేదండి."

"పాప నంబరు చెప్పండి."

చెప్పాడు. తెర మీద చూశాను. నాలుగో తరగతి. ఎచ్చెర్ల దగ్గర బడి. తండ్రి అన్న చోట ఖాళీ. ఒకటే ఫోన్ నంబరు, తల్లిది. పక్కన బడివాళ్ళు పెట్టిన గమనిక ఉంది: తండ్రి వివరాలు అడగవద్దు.

"మీ నంబరు మా దగ్గర నమోదు కాలేదండి. మీరు యాప్ ఎలా తెరిచారు?" అని అడిగాను.

"యాప్ కాదండి. మా తమ్ముడి కూతురికి వాళ్ళ బడోళ్ళు పంపిన లింకున్నాది గదా. దాన్లో నంబరు మార్సుకుంటా వచ్చాను. మూడ్రోజులు పట్టిందండి! ఎంతమంది పిల్లలండీ బాబూ. అందర్నీ ఒక్కొక్కర్నే సూసుకుంటా వస్తే నిన్న దొరికింది. జుత్తు కత్తిరించీసారు. ముందు ఆనవాలు పట్టలేకపోయాను."

తను చేసింది తప్పని కూడా ఆ మనిషికి తెలియదు. మా యాప్ పద్ధతే అంత అనుకుంటున్నాడు.

"నేను స్టాపు కాడే ఉన్నానండి," అన్నాడు. "బండి ఎన్ని గంటలకి వస్తాదో సెప్తే సాలు. ఏడాది దాటిపోనాది పాపని సూసి."

సర్వరు పనిచేయడం లేదు, సాయంత్రం చేయండి అని అబద్ధం చెప్పి పెట్టేశాను. తెర మీద ఉన్న తల్లి నంబరుకు చేశాను. వెనక కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. నేనెవరో చెప్పి, ఇలా ఒక మనిషి ఫోన్ చేశాడని చెప్పగానే మిషను ఆగిపోయింది.

"ఓలమ్మో," అంది. "మేమిక్కడున్నామని మా అమ్మకి కూడా సెప్పలేదండి. ఆయనకెలా తెలిసింది?"

"మా దగ్గర నుంచేనమ్మా."

"నా ఫోన్ నంబరు కూడా ఎల్లిపోనాదా?"

"వెళ్ళింది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. "నేను బడికెల్తన్నాను" అని మాత్రం అని పెట్టేసింది.

బడికి చేశాను. ప్రిన్సిపాలు లేడు. గుమస్తా ఎవరినో పిలిచాడు. "హలో" అన్న ఆ గొంతు నాకు తెలుసు. ఏడు వారాల కిందట ఒక్కసారే విన్నాను. అయినా గుర్తుపట్టాను.

"టీచర్‌గారూ, నాలుగో తరగతి పాపను ఈరోజు బస్సెక్కించకండి" అని పాప పేరు చెప్పాను.

ఆమె ఎందుకని అడగలేదు. "వచ్చీసాడా?" అంది.

"స్టాపు దగ్గరున్నాడట."

"సరే" అని ఫోన్ పెట్టేసింది.

నేను లేచి కోడు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాను. "అన్నయ్యా, ఆ పేజీ ఆపేయండి. ఇప్పుడే." ఆయన నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. నాలుగు మీటలు నొక్కాడు. రెండు జిల్లాల్లోనూ ఆ పేజీ ఆగిపోయింది. ఏడు వారాలుగా కుదరదన్న పని అది. నేను ఆయన కుర్చీ వెనక నిలబడి ఉండగానే అయిపోయింది. అప్పుడు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన విశాఖపట్నంలో ఏదో బడి యాజమాన్యంతో మాట్లాడుతున్నాడు. "నన్నడక్కుండా ఎందుకాపీసారు?" అని మొదలుపెట్టాడు. జరిగింది చెప్పాను. "పొద్దున్నకి వచ్చీస్తాను" అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం గడియారం కదలలేదు. నేను అక్కడికి వెళ్ళేసరికి సాయంత్రమైపోతుంది, వెళ్ళినా చేయగలిగింది లేదు. ఫోను ముందు కూర్చున్నాను. బస్సు బొమ్మలు ఏమయ్యాయని తల్లిదండ్రులు చేస్తూనే ఉన్నారు. మోగిన ప్రతిసారీ ముందు అది ఆ బడి నంబరేనా అని చూసేదాన్ని.

ఐదున్నరకు టీచరమ్మ చేసింది. పాపను స్టాఫు గదిలో కూర్చోబెట్టి, తనే బస్సెక్కి ఆ స్టాపు దాకా వెళ్ళిందట. చెట్టు కింద ఒక మనిషి చేతిలో బిస్కెట్ల పొట్లంతో నిలబడి ఉన్నాడట. దిగిన ప్రతి పిల్ల మొహమూ వంగి చూశాడట. బస్సు కదిలాక కూడా దాని వెనకే కొంత దూరం నడిచాడట. ఈలోగా తల్లి ఆటోలో బడి వెనక గేటుకు వచ్చి పాపను తీసుకెళ్ళిపోయింది. బడివాళ్ళు పిలిస్తే పోలీసులు వచ్చి ఆ మనిషిని అడిగితే, నా కూతుర్ని చూసుకోడానికొచ్చాను, తప్పేటి అన్నాడట. పేరు రాసుకుని పంపేశారు.

"పాప బాగానే ఉన్నాది," అంది టీచరమ్మ. "కానీ మరి ఇక్కడుండరు."

అలాగే జరిగింది. రెండు రోజుల్లో తల్లీ కూతురూ ఊరు వదిలేశారు. కుదురుకున్న పని, చేరిన బడి, అద్దె గది, అన్నీ వదిలేసి మళ్ళీ ఎక్కడికో. తర్వాత నేను ఆమె నంబరుకు చేసి చూశాను. వాడకంలో లేదని వచ్చింది.

శుక్రవారం పొద్దున్న మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. పేజీ ఆపేశాం కాబట్టి ఇక ఈ సంగతి బయటికి పోకూడదన్నాడు. నేను అప్పటికే తల్లిదండ్రులందరికీ పంపాల్సిన ఉత్తరం రాసుకుని వచ్చాను. మీ పిల్లల వివరాలు ఇన్ని వారాలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి, మాకు ముందే చెప్పినా మేం పట్టించుకోలేదు, అన్నదే అందులో మొదటి వాక్యం.

"ఇది పంపితే కంపెనీ ఉండదమ్మా," అన్నాడు మాస్టారు.

"ఇంకో మనిషి ఎవరైనా అలా వెతికి పెట్టుకునుంటే, ఆ ఇంటివాళ్ళకి తెలియాలి కదండీ."

కోడు రాసే ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. "పంపీవలసిందే మాస్టారూ. నాకూ ఆడపిల్లలున్నారు."

మాస్టారు ఉత్తరం రెండుసార్లు చదివాడు. చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "నా పేరెయ్యకు. నీ పేరు మీద పంపుకో" అని లేచి వెళ్ళిపోయాడు. పంపాను.

ఆ తర్వాత మూడు రోజులు ఫోను కింద పెట్టలేదు. తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు. అన్నిటికన్నా ఒక ఫోను నన్ను వదల్లేదు. గజపతినగరం వైపు నుంచి, వరి వేసుకునే రైతు. ఆ ఉత్తరం ఎవరిచేతో చదివించుకున్నాడు.

"మా పాప బొమ్మ ఎవరన్నా సూసారా అమ్మా?"

"తెలియదండి."

"మీ మిషన్లో రాసుంటాది గదా, ఎవరు సూసారో?"

రాసి ఉండదు. చూసినవాడెవడో అడగని పేజీ, చూసి వెళ్ళినవాడి గుర్తు కూడా పెట్టుకోలేదు. ఆ పాపను ఎవరూ చూడకపోయి ఉండవచ్చు. వందమంది చూసి ఉండవచ్చు. ఆ మూడు రోజుల మనిషి కూడా చూసే ఉంటాడు, ఒక్కొక్కర్నే చూసుకుంటూ వచ్చానన్నాడుగా. ఇదంతా ఆ రైతుకు చెప్పలేక, "మాకు తెలిసే వీలు లేదండి" అన్నాను. ఆయన "అలాగా" అన్నాడు.

ఆ తర్వాతి వారం, ఆదివారం బస్సెక్కి టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. నాకన్నా చిన్నది. వాకిట్లో బియ్యం ఏరుతోంది. లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. క్షమించమని అడిగాను. ఆమె మళ్ళీ చేట ముందేసుకుని కూర్చుంది.

"ఆ పాప కోసమే మేడం నేను మీకు రాసింది. బళ్ళో సేర్చినప్పుడు వాళ్ళమ్మ నా సేతులట్టుకుని ఏడిసింది, ఎక్కడా మా పేర్లు రానీకండమ్మా అని. మీ యాపులో సూస్తే అన్నీ బయటే ఉన్నాయి."

"ఆ సంగతి నాకు చెప్పి ఉంటే..."

"ఎలా సెప్తానండి? సెప్తే ఆ పాప పేరు మీ కాగితాల్లోకి ఎక్కుతాది. నేరం అని రాసినోళ్ళని నమ్మి సెప్పగల్నా?"

చేటలో బియ్యం మీద ఆమె వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

"ఆ రోజు నాకేటి రాసుండాల్సింది అనుకుంటన్నారు మీరు?" అని అడిగింది.

"చెప్పినందుకు ధన్యవాదాలు, ఆ పేజీ ఈరోజే ఆపేశాం, ఫలానా రోజుకు బాగుచేస్తాం, ఇళ్ళవాళ్ళకు మేమే చెప్తాం అని."

"అంతే గదండి," అంది. "రెండు ముక్కలు."

కంపెనీ మునిగిపోలేదు. కొన్ని బళ్ళు మానేశాయి, కొన్ని ఉన్నాయి. ఉన్నవాటిలో టీచరమ్మ బడి కూడా ఒకటి. ఆమెకు కంప్యూటర్ క్లాసులు తిరిగి ఇచ్చారు గానీ, ఏడాది తిరక్కుండానే ఆమె ఆ బడి మానేసిందని విన్నాను. నేనూ అక్కడ మానేసి, శ్రీకాకుళంలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే చోట చేరాను. చేరే ముందే ఒక మాట అడిగి ఒప్పించుకున్నాను: లోపం ఉందని బయటివాళ్ళు ఎవరు రాసినా జవాబు నేనే రాస్తాను, ఆ జవాబులో తేదీ ఉంటుంది, ఆ తేదీని ఎవరూ జరపకూడదు.

పోయిన నెల అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. ఒక ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ, రోగుల రిపోర్టులు పక్కవాళ్ళకు కనిపిస్తున్నాయని రాసింది. గంటలో జవాబిచ్చాను. ఆ భాగం ఆపించేశాను. మూడు రోజుల్లో బాగైంది. అంతకన్నా తొందరగా ఎవరూ చేయలేరని అందరూ అన్నారు.

కానీ ఆవిడ చూడక ముందు అది ఎన్నాళ్ళుగా అలా ఉందో మాకు తెలియదు. ఆ మూడు రోజులూ ఫోను మోగినప్పుడల్లా, అవతల మర్యాదగా మాట్లాడే మగ గొంతు వినిపిస్తే ఆ ఎచ్చెర్ల పాప తండ్రే గుర్తొచ్చేవాడు. చాలావరకు పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళే. రోగి నంబరు చెప్పండి అనేదాన్ని. వాళ్ళు చెప్పేలోగా, ముందు వాళ్ళు చేసిన ఫోన్ నంబరు మా దగ్గర నమోదై ఉందో లేదో చూసుకునేదాన్ని.